ఎండసీమలో నాలుగు గదుల ప్రశాంత విడిది: మట్టి, సున్నం, నీడలతో కట్టే క్రమం

రెండెకరాల పొలం ఉంది, అందులో నాలుగు గదులు, ఒక యోగా హాలు, ఒక మర్దన గది, వంటిల్లు కట్టి చిన్న వెల్‌నెస్ రిట్రీట్ నడపాలనుంది, సిమెంటు పెట్టెలా కాకుండా చల్లగా, ప్రశాంతంగా ఎలా కట్టాలి? ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్నది ఇదే. అందరికీ విడివిడిగా చెప్పిన జవాబులను ఇక్కడ పని జరగాల్సిన వరుసలో పెడుతున్నాను.

ఇది అనంతపురం, కదిరి, మదనపల్లె లాంటి పొడి వేడి ప్రాంతాలను ఉద్దేశించి రాసింది. తెలంగాణ దక్కన్ భూములకూ చాలావరకు పనికొస్తుంది. కోనసీమకో విశాఖ తీరానికో ఇదే పద్ధతి పట్టుకెళ్లకండి. అక్కడి ఉక్కపోతలో మందపు గోడ కంటే గాలి ఆడే పలుచని గోడ, ఎత్తైన పెంకుల కప్పు నయం.

## 1. ప్లాన్ గీయించే ముందు స్థలాన్ని చూడండి

వీలైతే ఒక ఎండాకాలం, ఒక వానాకాలం ఆ పొలంలో గడవనివ్వండి. అంత సమయం లేకపోతే కనీసం మే నెలలో రెండు రోజులు, పెద్ద వాన పడ్డ మర్నాడు ఒకసారి వెళ్లండి. ఒక రాత్రి తప్పకుండా అక్కడే పడుకోండి. పగలు ప్రశాంతంగా కనిపించిన స్థలంలో రాత్రి పక్క తోట బోరు మోటారు మోగుతుంటుంది. కిలోమీటరు అవతలి హైవే లారీలు కూడా వినిపిస్తాయి.

చూసి రాసుకోవాల్సినవి:

- వాన నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎటు పోతున్నాయి, ఎక్కడ నిలుస్తున్నాయి
- వేసవి సాయంత్రం గాలి ఏ దిక్కు నుంచి వస్తోంది
- పడమటి ఎండకు అడ్డొచ్చే చెట్టు గానీ గుట్ట గానీ ఉందా
- రాత్రి పది తర్వాత ఏ శబ్దాలు, ఏ లైట్లు ఉన్నాయి
- నాలుగు చోట్ల నాలుగడుగుల గుంత తీస్తే ఏ మట్టి ఎంత లోతున ఉంది

కాగితాలు కూడా ఇప్పుడే చూసుకోండి. వ్యవసాయ భూమిలో కట్టడానికి ఇప్పుడు ఏ అనుమతులు కావాలో కనుక్కుని, ప్లాన్ అనుమతి తీసుకోవాలి. అరకు వైపు చూసేవాళ్లకు ఒక మాట: ఏజెన్సీ ప్రాంతంలో 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదు. ఎవరో బినామీ పేరుతో ఇప్పిస్తామంటే అక్కడితో ఆగిపోండి.

ఒక పని మాత్రం వెంటనే మొదలుపెట్టండి. కట్టబోయే గదులకు పడమట, నైరుతిన కానుగ, వేప మొక్కలు నాటండి. కానుగ వేసవి మొదట్లో కొత్త చిగురేసి, సరిగ్గా మనకు కావాల్సిన రోజుల్లో చిక్కటి నీడ ఇస్తుంది. గోడకు కనీసం 15 అడుగుల దూరం ఉంచండి. రావి, మర్రి మాత్రం దగ్గరకు రానివ్వొద్దు.

## 2. ముగ్గు పోసే ముందు దిక్కులు, దూరాలు తేల్చండి

గదుల పొడవు తూర్పు పడమరలుగా సాగాలి. అంటే పొడవాటి గోడలు ఉత్తర దక్షిణాలను చూడాలి. మన అక్షాంశాల్లో వేడి తెచ్చేది ముఖ్యంగా పడమటి గోడ, ఆ తర్వాత కప్పు. దక్షిణపు ఎండను రెండడుగుల సజ్జ ఆపుతుంది. పడమట వాలిన ఎండకు సజ్జ ఏమీ చేయలేదు. అందుకే పడమర వైపు బాత్రూమో, స్టోరో, వసారానో పెట్టి పడక గదిని దాని వెనక దాచాలి.

ఉత్తరానికి ఎండ రాదు కదా అని అక్కడ సజ్జ మానేస్తుంటారు. అనంతపురం దగ్గర మే మొదలు ఆగస్టు రెండో వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు. ఉత్తరపు కిటికీకీ అడుగున్నర సజ్జ వేయండి.

తర్వాత శబ్దం. పంపు, జనరేటర్, వంటిల్లు, బట్టలు ఉతికే చోటు, పనివాళ్ల గదులు అన్నీ ఒక మూలకు చేర్చండి. ఆ మూలకూ పడక గదులకూ మధ్య వంద అడుగులైనా ఉండాలి. నేను పనిచేసిన ఒక చోట కేబుల్ ఖర్చు తగ్గుతుందని జనరేటర్‌ను గదుల వెనకే పెట్టించారు. కరెంటు పోయిన ప్రతి రాత్రీ అతిథులు నిద్ర లేచేవారు. ఏడాది తిరక్కుండానే దాన్ని మార్చాల్సి వచ్చింది, కేబుల్ మీద మిగిల్చిన డబ్బుకు రెండింతలు అయింది.

వాస్తు చూపించుకునేవాళ్లు ఈ దశలోనే, కాగితం మీదే చూపించుకోండి. గోడలు లేచాక ద్వారం మార్చడమంటే డబ్బూ పోతుంది, మట్టి గోడ బలమూ పోతుంది. చాలా విషయాల్లో వాస్తుకూ వాతావరణానికీ గొడవ ఉండదు. నైరుతి గాలులు వీచే మన ప్రాంతంలో ఆగ్నేయాన వంటిల్లు పెడితే పొగ గదుల మీదికి రాదు. చిక్కు వచ్చేది ఒక్కచోటే. స్థలం ఈశాన్యానికి వాలి ఉంటే అందరూ సంతోషిస్తారు. బోరు, సంపు కూడా ఈశాన్యంలోనే ఉండాలంటారు. మురుగు కూడా వాలు పట్టుకుని అటే పోవాలనుకుంటుంది. బోరునూ మురుగునూ ఒకచోట చేర్చడం ప్రమాదం. సెప్టిక్ ట్యాంకును వాయవ్యానికి జరిపి, పైపుకు 80 అడుగులకు ఒక అడుగు చొప్పున వాటం ఇవ్వండి. చివరికి ట్యాంకు లోతు కొంచెం పెరుగుతుంది, పెరగనివ్వండి. బోరుకూ మురుగు ఇంకే చోటుకూ మధ్య 60 అడుగులకు తక్కువ ఉండకూడదు.

## 3. గోడల కంటే ముందు నీళ్ల లెక్క

పదిమంది అతిథులు, ఆరుగురు పనివాళ్లు అనుకుందాం. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున దాదాపు 2,200 లీటర్లు కావాలి.

వాన వైపు లెక్క ఇంకా తేలిక. చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. అన్ని కప్పులూ కలిపి 300 చదరపు మీటర్లు, ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, అందులో 80 శాతం చేతికొస్తుందనుకుంటే 1,32,000 లీటర్లు. అంటే అరవై రోజుల వాడకం. వాన నీళ్లతోనే ఏడాదంతా గడిపేస్తామని ఎవరైనా చెబితే ఈ లెక్క వాళ్ల ముందు పెట్టండి. తాగడానికీ వంటకూ 50,000 లీటర్ల సంపులో వాన నీళ్లు నిలవ చేసి, మిగిలినవి బోరు చుట్టూ తీసిన ఇంకుడు గుంతలోకి పంపడం మేలు. తొలి వాన నీళ్లు దుమ్ముతో వస్తాయి కాబట్టి వాటిని బయటికి వదిలే వాల్వు పెట్టించండి.

మురుగుకు 20 మందికి సరిపోయే రెండు అరల సెప్టిక్ ట్యాంకు, దాని తర్వాత కంకర నింపిన మొక్కల మడి కట్టండి. మడి రెండడుగుల లోతు, మనిషికి రెండు చదరపు మీటర్ల చొప్పున. అందులో మెట్టతామర, జమ్ము బాగా పెరుగుతాయి. నీటి మట్టం ఎప్పుడూ కంకరకు రెండంగుళాలు కిందే ఉండాలి. పైకి తేలితే దోమలు, వాసన రెండూ వస్తాయి. ఆ మడి దాటిన నీళ్లు చెట్ల మొదళ్లకు ఇవ్వండి, ఆకుకూరలకు వద్దు.

## 4. మట్టి పరీక్ష, ఇటుకల తయారీ

మీ స్థలంలోనే తీసిన మట్టికి కొద్దిగా సిమెంటు కలిపి, యంత్రంలో నొక్కి చేసే కాల్చని ఇటుక ఈ పనికి నా మొదటి ఎంపిక. కట్టెలు, బొగ్గు ఖర్చు కావు, రవాణా తక్కువ, గోడ రంగు నేల రంగులోనే ఉంటుంది. అయితే అన్ని మట్లూ పనికిరావు. నల్లరేగడి అసలు వద్దు.

సీసా పరీక్ష: పైన అడుగు మట్టి తీసి తోటకు దాచండి, అందులో ఆకు, వేళ్లు ఉంటాయి. దాని కింది మట్టిని లీటరు సీసాలో మూడో వంతు వేసి, నీళ్లు నింపి, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదపండి. మర్నాటికి అడుగున గరుసు, ఇసుక, దాని పైన ఒండ్రు, అన్నిటికన్నా పైన బంక పొరలుగా తేలతాయి. ఇసుక, గరుసు కలిసి 60–70 శాతం, బంక 10–20 శాతం ఉంటే మంచిది. మన ఎర్రమట్టిలో బంక ఎక్కువ ఉండటం మామూలే. అప్పుడు క్రషర్ డస్ట్ (కంకర మిల్లు రాతిపొడి) గానీ ఇసుక గానీ కలిపి దారికి తెచ్చుకోవాలి.

సిమెంటు 6–8 శాతం చాలు. బంక ఎక్కువైందని సిమెంటు పెంచుకుంటూ పోవద్దు, ఇసుక పెంచండి.

తడి ఎంత ఉండాలో చేతితోనే తెలుస్తుంది. కలిపిన మట్టిని పిడికిట్లో ముద్ద చేసి ఛాతీ ఎత్తు నుంచి గట్టి నేల మీద వదలండి. నాలుగైదు ముక్కలైతే సరిగ్గా ఉంది. పొడిపొడిగా చెదిరితే నీళ్లు చాలలేదు. ముద్ద ముద్దగానే చదునైతే నీళ్లు ఎక్కువైనట్టు.

కలిపిన మట్టిని అరగంటలోపు నొక్కేయాలి. మధ్యాహ్నం భోజనానికి ముందు పెద్ద కుప్ప కలిపి, తిన్నాక మళ్లీ నీళ్లు చల్లి వాడటం నేను ఎక్కువ చోట్ల చూసిన తప్పు. అప్పటికే సిమెంటు పట్టేసి ఉంటుంది. ఆ ఇటుక చూడ్డానికి బాగానే ఉంటుంది, వానలో అంచులు రాలతాయి.

ఇటుకలను నీడలో పేర్చి, గోనె పట్టా కప్పి, 28 రోజులు తడి ఆరనివ్వకండి. మొదటి వారమే అసలైనది. 230 × 190 × 100 మిల్లీమీటర్ల ఇటుకైతే చదరపు మీటరు గోడకు దాదాపు 38 పడతాయి. పదో వంతు అదనంగా చేయించండి.

గోడకు పంపే ముందు:

- ప్రతి వెయ్యికీ మూడు ఇటుకలు ఒక రోజంతా నీళ్లలో నానబెట్టాలి. గోరుతో గీస్తే మెత్తగా రాకూడదు
- రెండు ఇటుకలను ఒకదానికొకటి తాటిస్తే గణగణమనాలి
- కొన్నిటిని ల్యాబుకు పంపి, మట్టి ఇటుకల భారతీయ ప్రమాణం ఐఎస్ 1725 ప్రకారం తడి బలం చూపించుకోవాలి

మీ ఊళ్లో సమానమైన కొలతల కాల్చిన ఇటుక దొరికితే ర్యాట్ ట్రాప్ కట్టుబడి కూడా మంచిదే. కేరళలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ విరివిగా వాడిన పద్ధతి అది. ఇటుకను నిలువు అంచు మీద పెట్టి మధ్యలో ఖాళీ వదిలి కడతారు. ఇటుకలు దాదాపు నాలుగో వంతు తగ్గుతాయి, ఆ ఖాళీ వేడిని ఆపుతుంది. కొలతలు తేడాగా ఉన్న ఇటుకతో మాత్రం ప్రయత్నించకండి.

## 5. పునాది, బేస్‌మెంట్

రాయలసీమలో రాయికి కొరత లేదు. గట్టి గరుసు నేల తగిలేదాకా తవ్వి రాతి కట్టుబడి చేస్తే చాలు. నల్లరేగడి అయితే ఇంజినీరు చెప్పకుండా ఒక్క రాయీ వేయొద్దు. ఆ నేల వానకు ఉబ్బి ఎండకు కుంగుతుంది, మట్టి గోడ దాన్ని తట్టుకోలేదు.

బేస్‌మెంట్ నేల నుంచి రెండడుగుల ఎత్తు. దాని మీద చెమ్మ ఎక్కకుండా అంగుళంన్నర కాంక్రీటు పట్టీ, వాటర్‌ప్రూఫ్ కాంపౌండ్ కలిపి, గోడ వెడల్పంతా వేయాలి. ఒక గదికి ఎత్తు ఎక్కువగా కనిపిస్తుందని నేను ఒక్క అడుగుతో సరిపెట్టాను. అక్టోబరు వానలకు చూరు నీళ్లు నేల మీద పడి చిందుతూ గోడ కింది రెండు వరుసలనూ తినేశాయి. ఆ రెండు వరుసలూ తీసి రాయితో కట్టాల్సి వచ్చింది. అప్పటి నుంచి రెండడుగులకు తగ్గించింది లేదు, చూరు కింద కంకర కాలువ లేకుండా వదిలిందీ లేదు.

## 6. గోడలు, కిటికీలు

ప్లింత్ (బేస్‌మెంట్ పైఅంచు) దగ్గర, లింటెల్ (తలుపులు, కిటికీల పైభాగం) దగ్గర, కప్పు కింద మూడు చోట్ల కాంక్రీటు బ్యాండ్ గది చుట్టూ తెగకుండా తిరగాలి. కరెంటు పైపుల దారి గోడ కట్టేటప్పుడే వదలండి. కట్టిన మట్టి గోడను తర్వాత కట్టర్‌తో కోయించడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

పొడి వేడిలో గది చల్లబడేది రాత్రి గాలితో. మందపు గోడ పగలంతా వేడిని తనలో ఆపుకుంటుంది, రాత్రి చల్లగాలి దాన్ని కడిగేయాలి. అందుకని కిటికీలు చిన్నవిగా పెట్టి, ఎదురెదురు గోడల్లో పైన వెంటిలేటర్లు ఇవ్వండి. వాటికి దోమతెర, ఊచలు ఉంటే అతిథులు రాత్రంతా భయం లేకుండా తెరిచి ఉంచుతారు. ఉదయం తొమ్మిదికి కిటికీలు మూసేయాలని ప్రతి గదిలోనూ రాసిపెట్టండి. చాలామంది దీనికి ఉల్టాగా చేస్తారు.

ద్వారబంధాలకు కొత్త టేకు అవసరం లేదు. కూల్చేస్తున్న పాత ఇళ్ల నుంచి వచ్చే చెక్క బాగుంటుంది. కొనే ముందు మేకుతో గుచ్చి చెద ఉందేమో చూడండి. గుమ్మం అడుగు భాగం రాయితో పెడితే చెదకు దారి ఉండదు.

## 7. కప్పు

గదులకు ఫిల్లర్ శ్లాబ్, హాలుకు పెంకుల కప్పు. నేనైతే ఇలా విడగొడతాను.

ఫిల్లర్ శ్లాబ్ అంటే కప్పు కింది భాగంలో, పెద్దగా పని లేని కాంక్రీటు బదులు మంగుళూరు పెంకులు జంటగా పెట్టడం. రెండు పెంకుల మధ్య గాలి వేడిని అడ్డుకుంటుంది, కాంక్రీటు అయిదో వంతు దాకా తగ్గుతుంది. కడ్డీల లెక్క తప్పనిసరిగా స్ట్రక్చరల్ ఇంజినీరుతో వేయించండి. గోడల మీద ఆనే అంచుల్లో పెంకులు పెట్టకూడదు. పోసే ముందు పెంకులను నీళ్లలో నానబెట్టాలి, లేకపోతే కాంక్రీటులోని నీళ్లు అవే పీల్చేసుకుంటాయి.

శ్లాబ్ పైన తెల్ల టైల్స్ ముక్కలు పరిచి సున్నం కొట్టండి. ఎండను తిప్పికొట్టే కప్పుల కోసం తెలంగాణ 2023లో ఏకంగా కూల్ రూఫ్ పాలసీనే తెచ్చింది. అంత పెద్ద పేరున్న పనిని మన ఇళ్లలో ఒక బకెట్ సున్నంతో ఎప్పటి నుంచో చేసుకుంటూనే ఉన్నాం.

చౌడు మిద్దె, అంటే పైన చౌడు మట్టి పరిచే పాతకాలపు కప్పు గురించి కూడా కొందరు అడుగుతున్నారు. తెలిసిన పనివాళ్లుండి, ఏటా వానలకు ముందు పైమట్టి సరిచేసే ఓపిక ఉంటే అంత చల్లని కప్పు మరొకటి లేదు. అతిథులుండే గదికి మాత్రం దాన్ని సిఫారసు చేయలేను. ఒక చిన్న ధ్యాన గదికి కట్టి చూడండి.

## 8. సున్నం పూత

మట్టి గోడ మీద సిమెంటు పూత పూస్తే లోపలి చెమ్మ బయటికి రాలేక పెచ్చులు లేస్తుంది. సున్నమే వాడాలి. ఊరిన సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు, రెండు పొరలుగా. డంగు సున్నం నూరి ఇచ్చేవాళ్లు దొరికితే వదులుకోకండి.

సున్నానికి తొందర పనికిరాదు. ఎండలో పూస్తే పగులుతుంది. కప్పు మే లోపు పూర్తిచేసి, పూత పనిని వానాకాలానికి ఉంచుకోండి. గోనె సంచులు వేలాడదీసి రెండు వారాలు తడి ఉంచాలి. పనివాళ్లకు చేతి తొడుగులు, కళ్లద్దాలు ఇవ్వండి. సున్నం కంట్లో పడితే వెంటనే ఎక్కువ నీళ్లతో కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

దాని మీద ప్లాస్టిక్ ఎమల్షన్ వేయొద్దు. రంగు కావాలంటే సున్నంలోనే జేగురు (ఎర్రమట్టి రంగు) కలపండి.

## 9. మర్దన గది

ప్లాన్లలో అందరూ మరిచిపోయే గది ఇదే. అభ్యంగనం నూనె, దాన్ని వదిలించే సున్నిపిండి రెండూ కలిసి పైపులో గట్టిపడితే ఏ మందుకీ కరగవు. నేరుగా మొక్కల మడిలోకి వెళ్తే కంకర మూసుకుపోతుంది.

- ఈ గది నీళ్లకు విడిగా నాలుగంగుళాల పైపు
- బయట మూత తీయగల నూనె తొట్టి, మధ్యలో అడ్డుగోడతో. పైన తేలిన నూనె వారానికోసారి తీసేయాలి
- నేలకు గరుకు చేసిన నాపరాయి. పాలిష్ చేసిన కడప బండ మీద నూనె పడితే మనిషి నిలవలేడు
- పట్టుకోవడానికి గోడకు కమ్మీ
- నేల వాటం తలుపు నుంచి దూరంగా

నడుముఎత్తు దాకా టైల్స్ వేస్తే చాలదు. బల్ల చుట్టూ గోడ మీద నూనె చిందుతుంది, అయిదడుగుల దాకా వేయండి.

## 10. హాలు, దీపాలు, కరెంటు

నాపరాయి నేల, నున్నటి గోడలు ఉన్న ఖాళీ హాల్లో మాట మార్మోగుతుంది. మధ్యలో నిలబడి ఒక చప్పట్లు కొట్టండి. శబ్దం సాగితే పెంకుల కింద వెదురు తడికలు, గోడకు గరుకు పూత, నేల మీద జంఖానాలు వేయండి. దారి దీపాలు మోకాలి ఎత్తుకు మించకుండా, వెలుగు కిందికే పడేలా, 2700 కెల్విన్ పసుపు ఛాయలో ఉండాలి.

ఒక కిలోవాట్ సోలార్ రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది. పాత ఫ్యాను 75 వాట్లు లాగే చోట బీఎల్‌డీసీ (కరెంటు ఆదా చేసే కొత్తరకం మోటారు) ఫ్యాను 30 వాట్లతో తిరుగుతుంది. ముందు వాడకం తగ్గించి ఆ తర్వాత ప్యానెళ్లు లెక్కించండి. ఏసీ సంగతి: నడి వేసవిలో ఏ గోడైనా అలసిపోతుంది. ఏసీ పెట్టే బదులు ఏప్రిల్ నెలాఖరు నుంచి జూన్ తొలి వారం దాకా విడిది మూసి, ఆ రోజుల్లో మరమ్మతులు చేసుకోమంటాను.

## 11. వచ్చే ఇబ్బందులు, సరిదిద్దే తీరు

గోడ కింద తెల్లటి ఉప్పు పూస్తే: ముందు బయటి కాలువలో నీళ్లు నిలుస్తున్నాయేమో చూడండి. ఉప్పును పొడి బ్రష్‌తో దులపాలి. కడిగితే మళ్లీ గోడలోకే పోతుంది.

పూతలో వెంట్రుకవాసి పగుళ్లు: పలుచని సున్నపు పాలు రెండు మూడు సార్లు పూస్తే పూడతాయి. పగులు మెట్లు మెట్లుగా పోతుంటే అది పునాది మాట, ఇంజినీరును పిలవండి.

గది రాత్రి పదికి కూడా వేడిగా ఉంటే: పడమటి గోడకు అడుగు ఎడంగా వెదురు దడి కట్టి తీగ పాకించండి. అయినా తగ్గకపోతే కప్పు మీద సున్నం మాసిందేమో చూడండి.

మొక్కల మడి వాసన: నీటి మట్టం పైకొచ్చింది, లేదా నూనె తొట్టి తీయడం మానేశారు.

## 12. మొదటి అతిథి కంటే ముందు

నాలుగు గదుల్లోనూ ఒక్కో రాత్రి మీరే పడుకోండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లనూ పడుకోబెట్టండి, రాత్రి బాత్రూముకు వెళ్లే దారిలో మెట్టు తగులుతుందో లేదో వాళ్లే చెప్పగలరు. తెల్లారుజామున నాలుగున్నరకు వంటిల్లు మొదలుపెట్టించి, గదిలోంచి వినండి. గిన్నెల చప్పుడు వినిపిస్తే గిన్నెలు తోమే తొట్టిని వంటింటికి అవతలి పక్కకు జరపండి. పంపు దడ నేలలోంచి వస్తుంటే దాని దిమ్మ కింద రబ్బరు పలక వేసి, గోడను తాకుతున్న పైపుకు మధ్యలో హోస్ ముక్క పెట్టించండి. ఆ రెండు పనులూ ఒక్క పూటలో అయిపోతాయి.